స్వల్ప అడ్జస్ట్ మాడి: ఊరగాయ రోజు అనుకున్నట్టు సాగకపోతే

ఊరగాయ పెట్టే రోజు అన్నీ అనుకున్నట్టు జరిగిన సంవత్సరం ఏదని మా ఇంట్లో అడిగితే ఎవరికీ గుర్తు రాదు. జరగని సంవత్సరాలు మాత్రం అందరూ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు. కాయ కొట్టించి తెచ్చిన మధ్యాహ్నమే వాన దంచికొట్టిన ఏడు. ఆవాలు మిక్సీలో పడగానే కరెంటు పోయిన ఏడు. 2020లో లాక్‌డౌన్ వల్ల మంచి నువ్వులనూనె చాలినంత దొరక్క సగం చెనిక్కాయ నూనె పోసిన ఏడు. అయినా ప్రతి ఏడూ జాడీ నిండింది. మళ్లీ మామిడికాయలు వచ్చేదాకా అన్నంలోకి ఊరగాయ ఉండింది.

కానీ మా ఇంటి నోటుబుక్కు తీసి చూస్తే వీటిలో ఒక్కటీ కనపడదు. కాయలు ఇన్ని, ఉప్పు ఇంత, కారం ఇంత, ఆవపిండి ఇంత, మూడో రోజు తిరగ కలపాలి. అంతే. వాన పడితే ఏం చేశారు, నూనె మారిస్తే రుచి ఎట్ల మారింది, ఆ జాడీ ఎన్ని నెలలు నిలిచింది, ఇవన్నీ అవ్వ నోట్లో ఉండేవి. అవ్వ పోయాక కొంత అమ్మ నోట్లో మిగిలింది. మిగతాది పోయింది.

మా అభిప్రాయం సూటిగానే చెప్తాం. మనలాంటి ఊరు దాటి వచ్చిన ఇళ్లలో కాపాడుకోవాల్సింది అసలు కొలత ఒక్కటే అనుకుంటున్నాం. దానికంటే ముందు రాసిపెట్టుకోవాల్సింది, కొలత పనికిరాని రోజు మన పెద్దలు ఏం చేశారనేది. దాంతో పాటు, ఎక్కడ సర్దుకోవచ్చు, ఎక్కడ సర్దుకోకూడదు అనే గీత కూడా రాసుకోవాలి. ఆ గీత తెలియకుండా సర్దుకుంటే కడుపు నొప్పి, సర్దుకోవడమే తప్పనుకుంటే ఊరగాయ పెట్టడమే ఆగిపోతుంది. రెండూ మన చుట్టాల ఇళ్లలో చూస్తున్నాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు. మా వాళ్లు కడప వైపు నుంచి బెంగుళూరు వచ్చి మూడు తరాలయింది. మేము చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాం. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పైన చెప్పిన నోటుబుక్కు అమ్మది. అందులో మాట తెలుగు, అక్షరం కన్నడ. మొదటి పేజీల్లో అవ్వ చెప్పిన సోల, తవ్వ లెక్కలుంటాయి. పోనుపోను అవి పావు, సేరు అవుతాయి. చివరి పేజీల్లో గ్రాములు. ఒక్క పుస్తకంలోనే మా కుటుంబం నడిచి వచ్చిన దారి కనిపిస్తుంది.

అసలు ఇక్కడ ఆ రోజు ఎందుకు అనుకున్నట్టు సాగదు? కొలత వేరే ఊరి ఎండకు రాసింది కాబట్టి. కడపలోనో గుంటూరులోనో మే నెలంటే 40 డిగ్రీలు దాటే ఎండ. మిరపకాయలు, ఆవాలు, ఉప్పు పొద్దున మిద్దె మీద పరిస్తే సాయంత్రానికి గలగలమంటాయి. బెంగుళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎండ బాగానే ఉన్నా మధ్యాహ్నం తర్వాత ఉరుములు, మెరుపులు, వాన. ఇక్కడి వాళ్లు వీటిని మామిడి జల్లులంటారు. పేరులోనే మామిడి ఉంది, కానీ మామిడికాయ ఊరగాయకు ఇంతకంటే పెద్ద శత్రువు లేదు.

కాయ కూడా వేరే. అక్కడి వాళ్లు చిన్న రసం, కొత్తపల్లి కొబ్బరి, జలాలు అని పేర్లు చెప్పి ఎంచుకుంటారు. మాకు కోలారు జిల్లా శ్రీనివాసపురం వైపు నుంచి మార్కెట్టుకు వచ్చేది ఎక్కువగా తోతాపురి. ఆ ముక్కు చూసి ఇక్కడ గిణిమూతి అంటారు, చిలక ముక్కు అన్నమాట. కండ గట్టిదే, కానీ పీచు తక్కువ, పులుపు కూడా ఆవకాయ రకాలంత ఉండదు. మిరపకాయ సంగతీ అంతే. బ్యాడగి మిరపకాయకు రంగు ఎక్కువ, మంట తక్కువ. గుంటూరు కాయకు రాసిన కొలతలో అంతే బ్యాడగి కారం వేస్తే చూడడానికి ఎర్రగా ఉంటుంది, నాలుకకు తగలదు.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. బరంపురంలో, యానాంలో ఉన్నవాళ్లకు సముద్రం తేమ. షోలాపూర్ వాళ్లకు ఎండకు కొదువ లేదు కానీ కాయ రకం వేరే. ఒరిస్సాలో అంగడికి పోతే ముందు చేతికొచ్చేది ఆవనూనె. ప్రతి ఊళ్లోనూ మన ఆడవాళ్లు, కొన్ని ఇళ్లలో మగవాళ్లు, ఏదో ఒకటి మార్చుకునే జాడీ నింపారు. ఆ మార్పులన్నీ ఎవరూ రాయని చరిత్ర.

రాయనందువల్ల ఏమవుతుందో చెప్తాం. కొన్నేళ్ల కింద మా వదిన సగం గుంటూరు కారం, సగం బ్యాడగి కారం కలిపి, తోతాపురి కాయతో ఊరగాయ పెట్టింది. పండక్కి వచ్చిన గుంటూరు వైపు పెద్దమ్మ ఒకావిడ ముక్క నోట్లో వేసుకుని, "ఇదేం ఆవకాయమ్మా, మా వైపు దీన్ని ఎవరూ ముట్టుకోరు" అంది. చెడ్డ మనసుతో అనలేదు, ఉన్నమాట అనుకునే అంది. కానీ ఆ తర్వాత రెండు ఎండాకాలాలు వదిన జాడీ దించలేదు. "మనకు రాదులే అత్తమ్మా, సీసా కొనుక్కుందాం" అని అమ్మతో అనేసింది. పెద్దమ్మ ముట్టుకోరన్న ఆ జాడీ దసరా దాటినా చెడలేదు, ఇంటిల్లిపాదీ తిన్నాం. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు కాబట్టి వదిన దగ్గర మిగిలింది పెద్దమ్మ మాట ఒక్కటే. ఆ రెండేళ్లూ పిల్లలకు ఊరగాయ రోజంటే ఏమిటో తెలియలేదు. ముక్కలు తుడిచేటప్పుడు దొంగతనంగా ఉప్పు అద్దుకుని తినడం వాళ్లకు తప్పిపోయింది. మూడో ఏడు అమ్మే పట్టుబట్టి మళ్లీ పెట్టించింది.

బెంగుళూరులో పుట్టి పెరిగినవాళ్లకు "స్వల్ప అడ్జస్ట్ మాడి" అనే మాట కొత్త కాదు. బస్సులో సీటు దగ్గర నుంచి పెళ్లి భోజనాల దాకా అదే మంత్రం. ఊరగాయ రోజుకు కూడా పనికొస్తుంది. ఐతే "స్వల్ప" అనే మాటను మర్చిపోకూడదు. ఎంత స్వల్పం అన్నదే అసలు ప్రశ్న.

సర్దుకోదగినవి ముందు చెప్తాం. అన్నీ మా ఇంట్లో చేసి చూసినవే.

ఎండ లేకపోతే ఉప్పు బాణలిలో వట్టిగా వేయించి పూర్తిగా ఆరనిస్తాం. తేమ పోతుంది. ఆవాలను మాత్రం అట్ల గట్టిగా వేయించం. ఆవపిండికి తడి తగిలినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, ఎక్కువ వేడి పెడితే ఆ ఘాటు పుట్టించే గుణమే చచ్చిపోతుంది. ఆ ఘాటు రుచికే కాదు, క్రిములను అడ్డుకోవడానికీ పనికొస్తుంది. అందుకని ఆవాలను పొద్దుటి ఎండలో కాసేపు, అదీ లేకపోతే ఫ్యాను కింద ఒక రాత్రి ఉంచుతాం.

కరెంటు పోతే పక్కింటి కన్నడ వాళ్ల ఒరళుకల్లు ఉంది. ఆ ఏడు ఆవపిండి బరకగా వచ్చింది. గుజ్జు మెత్తగా లేదు గానీ ఘాటు మాత్రం ఎక్కువ రోజులు నిలిచిందని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ముక్కలు కొట్టించాక వాన మొదలైతే అవ్వ చేసిన పని ఇది. ప్రతి ముక్కా పొడిగుడ్డతో తుడిచి, టెంక లోపలి పొర తీసేసి, తలుపులు మూసిన గదిలో ఫ్యాను కింద పరిచింది. తడి ఆరగానే ముక్కలకు నూనె పట్టించి పెట్టింది. గాలిలో తేమ ముక్కకు అంటకుండా అది అడ్డం. మిగతా సరుకు ఆ పూట సిద్ధం కాకపోతే ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో వేసి, ఊట దిగాక మరుసటి రోజు కారం, ఆవపిండి కలిపింది. అట్ల చేస్తే ముక్క కొంచెం వడిలినట్టు ఉంటుంది, గుజ్జు పులుపెక్కుతుంది. ఆవకాయకూ మాగాయకూ మధ్యలో ఏదో ఒకటి వస్తుంది. మాకు అదే ఇష్టమని చెప్పే చిన్నాన్న ఒకాయన ఉన్నాడు.

నూనె మారవచ్చు. చెనిక్కాయ నూనె, ఆవనూనె, ఏదైనా తాజాగా ఉండాలి. కారం రకం మారవచ్చు. వెల్లుల్లి, మెంతులు, శెనగలు ఇంటిష్టం. జాడీ పగిలితే గాజు సీసా.

ఇక సర్దుకోకూడనివి. ఇక్కడ మేము మొండివాళ్లం.

ఉప్పు మొదటిది. ఈమధ్య ఉప్పు తగ్గించి తినమని డాక్టర్లు చెప్తున్నారని ఊరగాయలో ఉప్పు సగానికి కోసేవాళ్లు ఉన్నారు. ఉప్పు తగ్గించాలంటే ఊరగాయ తక్కువ తినాలి, జాడీలో ఉప్పు తగ్గించకూడదు. ముక్కలోని నీళ్లను బయటికి లాగి, క్రిములకు ఆ నీళ్లు దక్కకుండా చేసేది ఉప్పే. మా ఇంట్లో కిలో ముక్కలకు 200 గ్రాములు. కొలత కాకుండా తూకం ఎందుకంటే, అవ్వ లెక్క కల్లుప్పుకు చెప్పింది. కల్లుప్పు గింజల మధ్య ఖాళీ ఉంటుంది. అదే గ్లాసులో ప్యాకెట్టు పొడి ఉప్పు పోస్తే బరువు ఎక్కువ పడుతుంది. "అవ్వ చెప్పినట్టే వేశాం, విషం లాగా ఉప్పయింది" అని వాపోయే ఇళ్లలో సగం కథ ఇదే.

పులుపు రెండోది. పుల్లటి ఆహారంలో, అంటే పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉన్నదాంట్లో, బాటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే క్రిమి పెరగలేదు. గాలి తగలని నూనె కింద పెరిగే క్రిమి అది. పచ్చి మామిడికాయ పులుపు మనకు తెలియకుండానే కాపలా కాస్తోంది. అందుకే సంచిలో పండుబారిన కాయలు కనపడితే వాటిని ఊరగాయలో కలపం. ఏరి పక్కన పెట్టి ఆ పూట పులుసో, పప్పో, మావినకాయి చిత్రాన్నమో చేసుకుంటాం. వృథా కాదు, ప్రమాదమూ లేదు.

తడి మూడోది. తడి గరిటె, తడి చెయ్యి, సరిగ్గా ఆరని జాడీ, ఇవి ఎంత తొందరలో ఉన్నా ఒప్పుకోం. నాలుగోది పాత్ర. అల్యూమినియం, ఇనుము, ఇత్తడి వద్దు. ఉప్పూ పులుపూ కలిసి లోహాన్ని తింటాయి. ఐదోది, బూజు. పచ్చగానో నల్లగానో నూగులా బూజు కనపడితే పైపైన తీసేసి కింద తినడం సర్దుకోవడం కిందికి రాదు. బూజు వేర్లు కంటికి కనపడేదానికంటే లోతుకు పోతాయి. జాడీ మొత్తం పారబోయాల్సిందే. ఏడుపొస్తుంది, అయినా పారబోయాలి.

అమెరికాలో ఉన్న మా మేనత్త కొడుకు, మాకు బావ, ఇంట్లో బీరు కాచుకుంటాడు. అక్కడ 1978లో చేసిన కేంద్ర చట్టం సొంతానికి బీరు కాచుకోవడానికి వీలిచ్చింది. మన కర్ణాటకలో లైసెన్సు లేకుండా అట్ల చేస్తే నేరం, కాబట్టి ఎవరూ ఉత్సాహపడొద్దు. బావ చెప్పిన పద్ధతి విన్నప్పుడు మాకు అవ్వే గుర్తొచ్చింది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని 65 డిగ్రీల చుట్టుపక్కల వేడి నీళ్లలో గంటసేపు నానబెట్టి తీపి దింపుతారు. హాప్స్ వేసి మరగబెడతారు, చల్లార్చి ఈస్టు వేస్తారు. ఆ రోజూ అనుకున్నట్టు సాగదట. తీపి తక్కువ దిగితే ఇంకాసేపు మరగబెడతాడు, లేదా మాల్టు పొడి కలుపుతాడు. చల్లార్చే గొట్టం పనిచేయకపోతే గట్టిగా మూతపెట్టి మరుసటి రోజుకు వదిలేస్తాడు. ఈస్టు కదలకపోతే ఇంకో ప్యాకెట్టు వేస్తాడు. కానీ మరగబెట్టడం అయ్యాక దాన్ని తాకే పాత్ర, గరిటె, గొట్టం క్రిమిరహితంగా లేకపోతే మాత్రం ఒప్పుకోడు. బీరు పులుస్తుంది, ఊరగాయ ఊరుతుంది. వంగేవి, వంగనివి రెండు చోట్లా ఉన్నాయి.

ఒక్క తేడా ఉంది. బావ ప్రతిసారీ రాసుకుంటాడు. అనుకున్న అంకె ఒక పక్క, వచ్చిన అంకె ఇంకో పక్క. పాడైన రోజుల పేజీలే ఎక్కువ పనికొస్తాయంటాడు. మేము ఆఫీసులో చేసేదీ ఇదే. ఏం జరగాలి, ఏం జరిగింది, ఏం చేశాం. జీతం కోసం రోజూ ఇన్ని రాస్తాం గదా, ఇంటి కోసం ఏడాదికి ఒక్క పేజీ రాయలేమా అని ఇప్పుడు అమ్మ నోటుబుక్కులో కొత్త పేజీలు మొదలుపెట్టాం. అమ్మను అడిగి పాతవి కూడా ఎక్కిస్తున్నాం. ఒకటి ఇట్ల ఉంటుంది:

ఏడు: 2020.
అనుకున్నది: 5 కిలోల ముక్కలు, అంతా నువ్వులనూనె.
జరిగింది: నూనె సగమే దొరికింది.
చేసింది: సగం చెనిక్కాయ నూనె. కాచి, పూర్తిగా చల్లార్చి పోశాం. మూడో రోజు పైకి నూనె తేలలేదు, ఇంకొంచెం కాచి చల్లార్చి కలిపాం.
దసరాకు: బాగుంది. వాసన తక్కువ. పిల్లలు ఇదే మేలన్నారు.

ఇంత చాలు. ఇందులో పాండిత్యం ఏమీ లేదు. ఐతే రేపు మా పిల్లలు షోలాపూర్‌లోనో, ఇంకెక్కడో ఉండి, నూనె దొరకని రోజు ఈ పేజీ తీస్తే, "అమ్మమ్మ కాలంలోనే ఇట్ల చేశారంట" అని ధైర్యం వస్తుంది. వదినకు ఆ రోజు దొరకనిది ఆ ధైర్యమే.

దీనికి ఇంట్లోనే ఎదురు మాటలు వచ్చాయి. అమ్మ అంది: "చెయ్యికి తెలుస్తుంది నాయనా, రాస్తే వస్తుందా?" నిజమే. రెండు వేళ్లతో గుజ్జు రుద్ది చూసి ఉప్పు చాల్లేదని చెప్పడం కాగితం నేర్పదు. కానీ చెయ్యికి తెలియాలంటే నాలుగేళ్లు వరసగా పెట్టాలి. ఒక వాన రోజు చూసి మానేసినవాళ్ల చెయ్యికి ఎప్పటికీ తెలియదు. రాత పని వాళ్లను ఆ నాలుగేళ్లు దాటించడం వరకే.

ఇంకో మాట, ఇన్ని మార్చాక అది మన ఊరగాయ ఎట్లవుతుందని. దీనికి మా దగ్గర నోటుబుక్కే జవాబు. సోల పావు అయింది, పావు గ్రాములయింది, తెలుగు మాట కన్నడ అక్షరం తొడుక్కుంది. అయినా అది అవ్వ పుస్తకమే. కడపలో ఉన్న మా చుట్టాలు కూడా ఇప్పుడు మిక్సీ వాడుతున్నారు, ప్యాకెట్టు ఉప్పు కొంటున్నారు. మార్చుకోని ఇల్లు ఎక్కడా లేదు. ఎంత దూరం వచ్చామో మనకు ఎక్కువగా కనపడుతుంది, అంతే.

పెద్దవాళ్లకు ఒక మనవి. కోడలో, మనవరాలో, అల్లుడో కొత్తగా పెట్టిన జాడీ రుచి చూసేటప్పుడు "ఇది ఆవకాయేనా" అని అడక్కండి. "ఈసారి ఏం మార్చావు తల్లీ, ఎందుకు మార్చావు?" అని అడగండి. ఆ మాటతో వాళ్లు వచ్చే ఏడు కూడా జాడీ దించుతారు. చిన్నవాళ్లకు ఇంకో మనవి. ఈ ఎండాకాలం అవ్వ దగ్గరో, అత్తమ్మ దగ్గరో కూర్చున్నప్పుడు కొలత అడిగే ముందు, "అన్నీ తప్పిపోయిన ఏడు ఏం చేశారు?" అని అడగండి. కొలత రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. దీనికి మాత్రం సాయంత్రం దాకా చెప్తూనే ఉంటారు. పక్కన పెన్ను పెట్టుకోండి. ఏ లిపిలో రాసినా పర్వాలేదు.